బుధ, గురువారాల నీళ్ళు

జక్కయ్య చేసిన పనుల్లో మిగిలింది ఇక ఒక్కటే.

గట్లపూడిలో ఆయన వయసువాళ్ళు తిరుగుతున్న రోజుల్లో, ఆ పనులు చెప్పుకోవడానికి ఒక పూట చాలేది కాదు. వీధిబడిలో ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి, సమితి ఆఫీసులో బల్ల గుద్ది ఊరికి కంకర రోడ్డు తెచ్చాడు. బడిపిల్లలు తాటిదూలం మీద పాక్కుంటూ డ్రైను దాటే చోట కల్వర్టు కట్టించాడు. గుడివాడ నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు వేయించాడు. సహకార సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడై, ఒక్క ఎరువు బస్తా కూడా దొడ్డిదారిన పోనివ్వలేదు. ఇందులో పొగడ్తేమీ లేదు. జరిగినవే చెబుతున్నది.

అయితే ఒక్కొక్కటే పోయాయి. సమితులు పోయి మండలాలు వచ్చాయి. సహకార సంఘాన్ని పక్క ఊరి సంఘంలో కలిపేశారు. కల్వర్టు పగలగొట్టి ఇంకా పెద్దది కట్టారు. పాతదానిమీద ఆయన పేరున్న రాయి ఏ చెరువు గట్టు కింద పడిందో ఎవరికీ తెలియదు. ఎక్కేవాళ్ళు లేరని బస్సు రద్దు చేశారు. భార్య కాలం చేశాక ఆయన విజయవాడలో, పటమటలో, టీచరు ఉద్యోగం చేసే కూతురు జ్ఞానేశ్వరి దగ్గరికి వచ్చేశాడు. మూడో అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని, కింద ఆటోలు తిట్టుకుంటుంటే చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, "కొసపాలెం ఒప్పందం చేసింది నేనే" అని మొదలుపెట్టేవాడు. అది ఇంకా బతికే ఉంది మరి.

ఆ ఒప్పందం సంగతి ఇది. పిల్లకాలవకు ఎగువన గట్లపూడి, దిగువన కొసపాలెం. గట్లపూడి తూము తీస్తే నీళ్ళన్నీ గట్లపూడి మాగాణిలోకే మళ్ళేవి. మిగిలినవి కొసపాలెం వెళ్ళాలి. మిగిలేవి కావు. కొసపాలెంలో ఉన్నవి ఎకరం, అరెకరం క్రైస్తవ కుటుంబాలు. ఒక కరువు ఏడు వాళ్ళ నారుమళ్ళు పండుటాకుల్లా అయిపోతుంటే, అబ్రహాము అనే ఆయన నడిచొచ్చి గట్లపూడి తూము నోట్లో అడ్డంగా కూర్చున్నాడు. ఊరంతా కర్రలు పట్టుకుని గట్టెక్కింది. జక్కయ్య అప్పుడు సర్పంచి, కుర్రవాడు. కర్రల మధ్యనుంచి దారి చేసుకుని నీళ్ళలోకి దిగి అబ్రహాము పక్కన కూలబడ్డాడు.

"నువ్వు లేచేదాకా నేనూ లేవను" అన్నాడు.

"కూర్చో మరి. జలగలున్నాయి, చూసుకో" అన్నాడు అబ్రహాము.

పొద్దు వాలేదాకా ఇద్దరూ ఒకరి కాళ్ళకు పట్టిన జలగల్ని ఒకరు పీక్కుంటూ అక్కడే కూర్చున్నారు. లేచేసరికి మాట కుదిరింది. బుధ, గురువారాల్లో గట్లపూడి తూము మూసెయ్యాలి. కాలవలో మోటారు పెట్టకూడదు. ఆ రెండు రోజుల నీళ్ళూ కొసపాలేనివి. గట్లపూడి పెద్దలు ఊరికే ఒప్పుకోలేదు. కొసపాలెంలో వరి ఊడ్చినన్నాళ్ళే ఈ మాట అన్నారు. దానికి గుర్తుగా, ఏటా సార్వా ఊడ్పుల వంతు మొదలయ్యే బుధవారం కొసపాలెంవాళ్ళు తమ మడిలో పీకిన నారు కట్ట ఒకటి తూము దగ్గరికి తెచ్చి చూపాలి. దాన్ని రెండు చేతులా అందుకున్నాకే గట్లపూడి పెద్ద తన చేత్తో తన ఊరి తూము మూస్తాడు. కాలవ ఆఫీసులో స్టాంపు కాయితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒప్పందం తీసెయ్యాలన్నా ఇరువైపులా సంతకాలు ఉండాలని అందులోనే రాసుకున్నారు.

దాంతో తర్వాతి ఎన్నికల్లో జక్కయ్య ఓడిపోయాడు. "సొంతూరి నీళ్ళు పొరుగూరికి పోసినోడు" అని గోడలమీద రాశారు. ఆయన ఆ గోడల పక్కనుంచే తల ఎత్తుకుని పొలం వెళ్ళేవాడు.

అబ్రహాము పోయాక నారు కట్ట ఆయన భార్య అమలమ్మ తెచ్చేది. అప్పటికే అటూ ఇటూ మాగాణి చేపల చెరువులైపోయింది. గట్లపూడిలో చెరువులే, కొసపాలెంలో చెరువులే. వరి ఊడ్చేది అమలమ్మ ఎకరం ఒక్కటే. ఆ ఎకరం ఉన్నంతకాలం ఒప్పందం ఉన్నట్టే కదా అని ఆయన ఏటా పటమట నుంచి వెళ్ళి, చెరువులవాళ్ళతో వాదించి, తూము మూసి వచ్చేవాడు. వాదన ఏటికేడు పెరుగుతోంది. గొంతు ఏటికేడు తగ్గుతోంది.

ఈ ఏడు ఊడ్పుల ముందు ఉదయభాస్కర్ ఫోను చేశాడు. గట్లపూడి నీటి సంఘానికి ఇప్పుడు అతనే అధ్యక్షుడు. వరసకు జక్కయ్యకు కొడుకవుతాడు.

"పెదనాన్న గారూ, బుధవారం ఎలాగూ వస్తారు కదా. కాలవ ఆఫీసు నుంచి ఏఈ గారు కూడా వస్తున్నారు. పాత ఒప్పందం రద్దు కాయితం సిద్ధం చేశాం. అప్పుడు సంతకాలు పెట్టినవాళ్ళలో మీరొక్కరే ఉన్నారు. అటువైపు అమలమ్మ గారు పెడతారు."

"నేను పెడతానని ఎవడు చెప్పాడు నీకు?"

"మీరు పెడితే మర్యాదగా ఉంటుందని..."

"మర్యాదగానే చెబుతున్నా, పెట్టను. కొసపాలెంలో వరి ఊడ్చినన్నాళ్ళూ ఆ మాట ఉంటుంది. అమలమ్మ ఊడుస్తోందా, లేదా?"

"మీరు రండి పెదనాన్న గారూ" అని మాత్రం అన్నాడు.

బుధవారం పొద్దున్నే జ్ఞానేశ్వరి టిఫిను పెడుతూ, "మోకాళ్ళు చూశావా నాన్నా, గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఈ ఏటికి మానెయ్యకూడదూ?" అంది.

"నేను మానేస్తే వాళ్ళు తీసేస్తారు."

"తీసేస్తే ఏమవుతుంది? అక్కడున్నవన్నీ చేపలే కదా. ఆ నీళ్ళు ఎవరికి?"

"అమలమ్మకు."

"ఆవిడ అడిగిందా?"

"అడగడం ఎందుకే? నారు కట్ట తెస్తుంది కదా!"

నిజానికి ఆయనకూ వెళ్ళాలని లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. వాదించాల్సిన మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే, అవన్నీ కిందటేడు అన్నవే, అంతకుముందేడు అన్నవే అనిపించి విసుగేసింది. అయినా ఇస్త్రీ పంచె కట్టాడు. చేసిన పనులన్నీ ఎవరెవరో తీసేశారు. దీన్ని తన చేత్తోనే తీసెయ్యమంటున్నారు. అదొక్కటీ జరగనివ్వననుకుంటూ చేతికర్ర అందుకున్నాడు.

పటమటలో గుడివాడ బస్సెక్కి, కండక్టరుకు ఆధార్ కార్డు చూపిస్తూ, "మా గట్లపూడికి మొదటి బస్సు వేయించింది నేనేనయ్యా" అన్నాడు.

"గట్లపూడికి ఇప్పుడు బస్సు లేదండీ తాతగారూ."

"తెలుసు. తీసేసిన సంగతి కూడా నాకే ముందు తెలుసు" అని కిటికీ వైపు తిరిగాడు. కంకిపాడు దాటేసరికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

గుడివాడ బస్టాండులో అమలమ్మ కొడుకు పాల్ ఆటోతో నిలబడి ఉన్నాడు. ఏటా అతనే దించుతాడు. మాటకారి. ఈసారి మాత్రం గేరు మార్చడం తప్ప చప్పుడు చెయ్యలేదు.

"మీ ఎకరం ఎట్లా ఉందయ్యా?" అని వెనకనుంచి అడిగాడు జక్కయ్య.

"ఉందండీ."

"ఏ రకం వేశారు ఈ ఏడు?"

"అమ్మనడగండి."

రోడ్డుకు రెండు వైపులా చెరువులే. పిట్టలు రాకుండా నీళ్ళ మీద తాళ్ళు కట్టారు. గట్లమీద మేత బస్తాలు, లారీల్లోకి ఎక్కించే ప్లాస్టిక్ ట్రేలు. పూర్వం ఇక్కడ ఆటో దిగితే ఎవరి చేను ఎవరిదో పేరుపేరునా చెప్పగలిగేవాడు. ఇప్పుడు ఆకాశం ఒక్కటే కింద కూడా కనిపిస్తోంది.

తూము దగ్గర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఉదయభాస్కర్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని దించాడు. ఒక కుర్చీలో ఏఈ శాంభవి, చిన్నపిల్ల, ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇంకో దాంట్లో అమలమ్మ, నల్ల గొడుగు కింద. కాళ్ళ దగ్గర తడి గోనెసంచి. మనిషి కిందటేటికంటే సగమైంది.

"బాగున్నారా అన్నయ్య గారండీ?"

"నాకేం, గుండులా ఉన్నాను. నువ్వేమ్మా?"

"దేవుని దయండీ."

"కాయితాల మాట తర్వాత" అన్నాడు జక్కయ్య, అందరికీ వినబడేలా. "ముందు పద్ధతి ప్రకారం జరగాల్సింది జరగనీండి."

అమలమ్మ లేవబోయింది. లేవలేకపోయింది. పాల్ రెక్క పట్టుకుని లేపాడు. ఆవిడ సంచిలోంచి నారు కట్ట తీసి ముందుకు చాపింది. జక్కయ్య కర్ర చంకన పెట్టుకుని రెండు చేతులా అందుకున్నాడు. ఏటా ఇక్కడ ఒక మాట అంటాడు: "కొసపాలెం పచ్చగా ఉంది" అని. ఈసారి అది అనబోతుండగా అరచేతిలోకి తడి మట్టి జారింది. చూశాడు. ఎర్ర మట్టి.

కొసపాలెంలో ఏ మూల తవ్వినా నల్లరేగడే. పాదానికి అంటుకుంటే చెప్పు వదులుకోవాల్సినంత జిగురు మట్టి. అరవయ్యేళ్ళు ఆ మట్టిలో నడిచిన మనిషికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. కట్ట తిప్పి చూశాడు. వేళ్ళనిండా ఎరుపే.

"ఈ నారు ఎక్కడిదమ్మా?"

ఉదయభాస్కర్ కాలవలోకి చూస్తున్నాడు.

"చెప్పెయ్యమ్మా" అన్నాడు పాల్.

"ఆగిరిపల్లి దగ్గరదండీ" అంది అమలమ్మ. "మా చెల్లెలు కోడలివాళ్ళ చేలోది. బోరు కింద ఊడుస్తారు."

"మరి నీ ఎకరం?"

"రెండు పక్కలా చెరువులు తవ్వేశారు కదండీ. ఊట దిగిపోయింది. నాలుగేళ్ళ కిందట ఊడ్చింది నిలబడ్డచోటే కుళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంక ఊడవలేదు."

"కిందటేడు తెచ్చిన కట్ట?"

"అదీ అక్కడిదేనండీ. ఆ ముందటి రెండేళ్ళవీ అంతే."

"దానికి మట్టి నల్లగానే ఉంది. నేను చూశాను."

"వేళ్ళు కడిగి, మన కాలవ మట్టి పూసి తెచ్చేదాన్నండీ" అంది ఆవిడ, వంట సంగతి చెబుతున్నట్టు. "ఈసారి రేవులోకి దిగి వంగలేకపోయాను. పాల్‌ని కడగమంటే వాడు, నా వల్ల కాదమ్మా, ఇంక చాలు అన్నాడు. నాక్కూడా ఓపిక లేకపోయింది అన్నయ్య గారండీ."

జక్కయ్య కుర్చీలో కూర్చున్నాడు. కట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇస్త్రీ పంచె ఎర్రబడుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకు చేశావమ్మా ఇదంతా?"

"మీరు వస్తారు కదండీ" అంది అమలమ్మ. "అంత దూరం నుంచి, ఆ కాళ్ళతో. మంచాన ఉన్నప్పుడు ఆయన చెప్పాడు, జక్కయ్య వచ్చిన రోజు వట్టి చేతుల్తో నిలబడకు అని. మీరేమో వచ్చి, కొసపాలెం పచ్చగా ఉంది అంటారు. ఏమని చెప్పమన్నారు?"

ఆయన ఉదయభాస్కర్ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు పెదనాన్న గారూ."

"ఊరికి?"

"ఊరికీ తెలుసు."

"మరి మూడేళ్ళు బుధ, గురువారాలు తూము మూసి, మోటార్లు ఆపి, ఏం చేశార్రా?"

ఉదయభాస్కర్ మెడ రుద్దుకున్నాడు. "మీ ఆటో ఆ మలుపు తిరిగేదాకా ఆపేవాళ్ళమండీ."

శాంభవి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పాల్ అటు తిరిగి నిలబడ్డాడు. జక్కయ్యకు ముందు కోపం వచ్చింది. అది గొంతుదాకా వచ్చేసరికి అలసిపోయింది. మూడేళ్ళుగా తాను మూసిన తూము, తన వీపు తిరగ్గానే తెరుచుకుంది. ఆయన మాత్రం పటమట వరండాలో కూర్చుని, కొసపాలేనికి నీళ్ళు వెళుతున్నాయని లెక్క వేసుకున్నాడు.

"వరి లేదు. ఒప్పందం ప్రకారం అది ఎప్పుడో పోయినట్టేగా" అన్నాడు చివరికి. "ఆ మాటే ఆఫీసులో చెప్పి కొట్టేయించొచ్చు కదా. నా సంతకం దేనికి?"

"అలా చెయ్యాలంటే అమలమ్మ గారు మూడేళ్ళు వేరే ఊరి నారు చూపించారని రాయాలి పెదనాన్న గారూ. దానికి మీరు తూము మూశారనీ రాయాలి. ఆ మాట ఆఫీసులో ఎప్పటికీ ఉండిపోతుంది. రద్దు అయితే అవేమీ రాయక్కర్లేదు. ఇద్దరు పెద్దలు పెట్టుకున్నారు, రెండు వైపులవాళ్ళూ తీసేశారు. అంతే."

జక్కయ్య అతనివంక తేరిపార చూశాడు. గోడలమీద ఆ రాతలు రాయించినవాళ్ళలో ఇతని తండ్రి ఒకడు. కొడుకు ఇలా తయారవుతాడనుకోలేదు.

"చదువమ్మా" అన్నాడు శాంభవితో.

ఆ పిల్ల చదివింది. కాలవ పేరు, తూము నంబరు, ఇరు గ్రామాలు, ఫలానా ఒప్పందం ఇరుపక్షాల సమ్మతితో నేటినుంచి రద్దు. నాలుగు వాక్యాలు. వినడానికి బానే ఉంది. అందులో జలగలు లేవు.

"ఇంకో ముక్క రాయి. ఈ ఒప్పందం ఉన్నంతకాలం ఈ తూము దగ్గర ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు అని."

"రద్దు కాయితంలో అలాంటివి రాయమండీ."

"ఎందుకు రాయరు? నిజం కాదా?"

"నిజమేనేమో కానీ, అవసరం ఉండదు..."

"జరిగిన అబద్ధం రాయకుండా ఉండటానికే కదా ఇంత తతంగం చేస్తున్నారు. నిజం ఒక్కటి రాస్తే ఆఫీసు కూలిపోతుందా? నేను ఐదో తరగతి. నువ్వు ఇంజనీరువి. రాయి తల్లీ."

శాంభవి ఉదయభాస్కర్ వంక చూసింది. అతను తల ఊపాడు. ఆ పిల్ల పెన్ను తీసి, టైపు అక్షరాల కింద మిగిలిన జాగాలో గుండ్రటి చేతిరాతతో రాసింది. జక్కయ్య కాయితం దూరంగా పట్టుకుని చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. పెన్ను అడిగి సంతకం పెట్టాడు. పేరు పూర్తిగానే పడింది. అమలమ్మ కళ్ళజోడు తుడుచుకుని, మిషను బడిలో నేర్చుకున్న అక్షరాలతో, అబ్రహాము భార్య అమలమ్మ అని నింపాదిగా రాసింది.

పని అయిపోయింది. తూము తెరిచే ఉంది. ఊడ్పుల వంతు బుధవారం నారు అందుకున్నాక కూడా అది అలా ఉండగా ఆయన చూడటం అదే మొదలు. నీళ్ళు గట్లపూడి వైపు మామూలుగానే పోతున్నాయి.

ఉదయభాస్కర్ టీ తెప్పించాడు. మిగిలినవాళ్ళు అటు వెళ్ళాక అమలమ్మ గ్లాసు పట్టుకుని, "అయితే పైయేడు రారాండీ?" అని అడిగింది.

"రాను. ఇంకేముంది ఇక్కడ?"

"అమ్మయ్య!" అంది ఆవిడ. అనేశాక నాలిక్కరుచుకుంది. "అది కాదండీ, నా ఉద్దేశం..."

"పర్లేదులే అమలమ్మా" అన్నాడు జక్కయ్య. ఆయన భుజాలు కదిలాయి. చాలా రోజులకు నవ్వు వచ్చింది. "రాత్రి నుంచీ నాకూ ఆ మాటే అనాలని ఉంది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరిద్దరూ ఆ రోజు తూములో ఎందుక్కూర్చున్నారో కానీ, లేచేదాకా నా ప్రాణాలు పోయాయండీ. మీరు మాత్రం ఇవాళే లేచారనుకుంటున్నా."

ఆయన టీ చల్లారేదాకా తాగుతూ కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో నారు కట్ట ఆటో సీటు మీద ఆయన పక్కనే ఉంది. కాలవలో పారెయ్యడానికి చెయ్యి రాలేదు. గుడివాడ ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన ఒక చేలో ఆడవాళ్ళు ఊడుస్తున్నారు. పాల్‌ని ఆపమన్నాడు.

"ఏమ్మా, ఈ కట్ట కూడా పెట్టేస్తారా?"

ఒకావిడ నడుం ఎత్తి చూసింది. "ఏ రకం తాతా?"

జీవితంలో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఆయన ఏనాడూ నిలబడలేదు. "తెలీదమ్మా" అన్నాడు.

"పేరు తెలీని రకం మా చేలో ఎందుకు తాతా? మా ఆసామి మమ్మల్ని తిడతాడు."

"నువ్వుండవే" అని గట్టు దగ్గరున్న ముసలావిడ బురద చెయ్యి చాపింది. "అంత దూరం నుంచి మోసుకొచ్చాడు. ఇటివ్వండి బాబూ, వారన పెడతా."

ఆయన ఇచ్చాడు. ఆవిడ కట్ట విప్పి, గట్టువారగా గుచ్చుకుంటూ పోయింది. ఎర్రమట్టి వేళ్ళు నల్లటి బురదలోకి దిగిపోయాయి. పైకి మిగతా నారుకూ దానికీ తేడా తెలియలేదు. పాల్ ఆటో తీశాడు.

బస్సెక్కాక జ్ఞానేశ్వరి ఫోను చేసింది. "ఏమైంది నాన్నా? సంతకం పెట్టలేదుగా?"

"పెట్టాను."

"బాధపడుతున్నావా?" అంది.

"ఒక ముక్క రాయించానే అందులో. ఇంటికొచ్చి చెబుతా" అన్నాడు. తర్వాత, "కాపడానికి వేణ్ణీళ్ళు పెట్టి ఉంచు. మోకాళ్ళు లాగేస్తున్నాయి" అన్నాడు.